ఇరవై ఆరు రాళ్ళ క్షేత్రం

క్యారీ, ఉత్తర కరోలినా
శ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి, మంగళవారం

చిరంజీవి గిరిజకు అన్నయ్య వీరభద్రం ఆశీర్వదించి వ్రాయునది.

ఏ కర్మకైనా ముందు సంకల్పం. నేను ఎవరిని, ఏ కాలంలో, ఏ నేలమీద నిలబడి, ఏ కోరికతో ఈ పనికి పూనుకున్నాను అని పంచభూతాల ఎదుట చెప్పుకోవడమే దాని అర్థం. కనుక ఈ ఉత్తరానికి కూడా సంకల్పం చెప్పి మొదలుపెడుతున్నాను. ఇక్కడి పురోహితులు క్రౌంచద్వీపమని పిలిచే ఈ ఖండంలో, అట్లాంటిక్ సముద్రానికి పడమట, ఎర్రమట్టి మెట్టల నడుమ, రెండు వాగుల మధ్య మనవాళ్ళు కట్టుకుంటున్న కోవెలకు, డెబ్బై ఎనిమిదేళ్ళ వీరభద్రమనే నేను, నాగపంచమినాడు, క్షేత్రమాహాత్మ్యం రచించి ముగించినాను. నూట ఎనిమిది పద్యాలు. వ్రాతప్రతిని ఈ ఉత్తరంతోబాటు పంపుతున్నాను. ప్లేనోలో తెలుగు సంచికలు అచ్చు వేసే పరంధామయ్యగారు నీకు బాగా తెలిసినవారు గదా. మాఘ శుద్ధ పంచమికి ప్రతిష్ఠ. ఆలోగా పుస్తకం చేతికి రావాలి. ఫోనులో చెప్పవచ్చు గదా అంటావు. నా చెవి యంత్రం సంగతి నీకు తెలుసు. పైగా పద్యం ఫోనులో చెప్పేది కాదు.

నీవు ముప్పై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పినదానవు, స్థలం ఎలాంటిదో నీకు సరిగా చెప్పాలి. క్యారీ నుండి నైరుతిగా నలభై నిమిషాల ప్రయాణం. పెద్ద రోడ్డు దిగి కంకరబాట పట్టగానే అంతా పైన్ చెట్లే. రెండు వాగులు ఉత్తరం నుండి వచ్చి, మన స్థలాన్ని చెరొకవైపు ఒరుసుకొని, దక్షిణాన కలుస్తాయి. నడుమ తూర్పుకు వాలిన మెట్ట. నిరుడు వైశాఖంలో భూమిపూజకు ముందు నేను ఆ వాలు మీద నడుస్తుండగా అద్భుతం కనబడింది. ఆకుల కింద, నీలిపూల తీగ పరచుకున్న నేలలో, నిలువు రాళ్ళు. చెక్కడం లేదు, అక్షరం లేదు. స్వయంభువుల వలె ఉన్నాయి. అన్నీ తూర్పు ముఖంగా ఉన్నాయి! లెక్కించితే ఇరవై ఆరు. ఇరవై ఏడవది మట్టిలో మునిగి ఉంటుందని నేను నిశ్చయించి, ఇవి నక్షత్రాలని పద్యంలో చెప్పినాను.

మనుజపాదము సోకని మట్టి యిద్ది
తరువు లల్లిన పందిరి తావు గాదె
వాగు లిరువైపు పాడగా వరుస దీరి
చుక్క లిరువదేడును డిగ్గి సోలె నిచట

ఎలా ఉన్నది? ఆ రాళ్ళలో ఎత్తయిన దానిని ద్వారం దగ్గరకు తెప్పించి, క్షేత్రపాలకుడుగా నిలిపి, పసుపు కుంకుమలు అలదినాము. తక్కినవి తులసికోట చుట్టూ పేర్పించినాను. ఏ రాయి ఎక్కడ నుండి తీసినామో నా నోటుబుక్కులో పటం గీసి పెట్టుకున్నాను. ఏదైనా గుర్తు వ్రాసి పెట్టుకునే నాన్నగారి అలవాటు నాకు పోలేదు. ఈరోజు ఉదయం కమిటీలో ఉన్న రేణు మొదలైన ఆడపిల్లలు క్షేత్రపాలకుడికి పాలు పోసినారు. కమిటీ అధ్యక్షుడు శ్యామ్‌సుందర్ పాలగిన్నె పట్టుకొని పక్కనే నిలబడి, "గురువుగారూ, అమెరికాలో స్థలపురాణం ఉన్న టెంపుల్ మనదొక్కటే!" అన్నాడు. నాకూ సంతోషం కలిగింది. ఎందుకు దాచాలి?

ఇట్లు,
వీరభద్రం


ప్లేనో, టెక్సస్
ఆగస్టు 12

అన్నయ్యకు గిరిజ నమస్కారాలు.

పద్యాలన్నీ రెండుసార్లు చదివాను. వాగుల మీద చెప్పినవి ఎంత బాగున్నాయో! అరవై మూడోది చదివి మా నిశాంత్‌కి వినిపిస్తే, "మామయ్య ఇంకా ఫామ్‌లోనే ఉన్నాడమ్మా" అన్నాడు. పరంధామయ్యగారికి కాగితాలిచ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ పది పద్యాలు అక్కడే చదివి, "ఇంత చక్కని దస్తూరీ చూసి ఎన్నాళ్ళైందమ్మా" అన్నారు. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది.

ఇక నేను భూగోళం పంతులమ్మని కదా, నన్ను కాసేపు ఆ కుర్చీలో కూర్చోనీ. రాళ్ళు వాటంతటవి వరుసగా నిలబడవు అన్నయ్యా. వాగు తెచ్చిన రాయి గుండ్రంగా ఉంటుంది, పడుకుని ఉంటుంది. కొండ విడిచిన రాయి వాలు వెంట చెల్లాచెదురుగా ఉంటుంది. తూర్పు ముఖంగా వరుస కట్టి నిలబడ్డ రాయిని ఎవరో నిలబెట్టి ఉండాలి. అందుకే మూడు ప్రశ్నలు. ఒకటి: ఒక రాయికీ దాని ముందున్న రాయికీ దూరమెంత? రెండు: రాళ్ళ పక్కన నేల సమంగా ఉందా, గుంటలు పడి ఉందా? మూడు: ఎవరూ నాటకుండా ఆ నీలిపూల తీగ పైన్ అడవిలో ఆ ఒక్క వాలు మీదే ఎందుకు పెరిగింది?

నిశాంత్ ఆదివారంనాడు నాకోసం మీ కౌంటీ పాత పటాలు కంప్యూటర్‌లో వెతికాడు. దాదాపు తొంభై ఏళ్ళ నాటి నేలల పటం ఒకటి దొరికింది. నీ రెండు వాగులూ ఉన్నాయి, వాటి మధ్య ఒక ఊరు పేరు ఉంది. బ్యూలా గ్రోవ్. ఇళ్ళకి గుర్తుగా చిన్న చిన్న నల్లచదరాలు, ముప్పై దాకా లెక్కపెట్టాను. ఒక బడి, ఒక చర్చి. తూర్పువాలు మీద ఒక శిలువ గుర్తు.

మనుజపాదం సోకని మట్టి అన్నావు. సోకినట్టుంది కదా?

రేణుని, మన మనవరాలు సంహితని అడిగానని చెప్పు. యూనివర్సిటీ తెరిచారా దానికి?

నీ
గిరిజ


క్యారీ
భాద్రపద శుద్ధ షష్ఠి

చిరంజీవి గిరిజకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందినది. వినాయకచవితి పనులలో ఉండి జవాబు ఆలస్యమైనది. సంహిత చదువు మొదలైనది. వారానికొకసారి వచ్చి నన్ను కోవెలకు తీసుకువెళుతున్నది. ఎండలు తగ్గినవి.

పాత పటాల మాట. పటం గీసినవారు పొరబడరని నీవే అనలేవు. శిలువ గుర్తు కొలతగాళ్ళు పెట్టుకున్నది కావచ్చు. స్థలం కాగితాలు పరిశుద్ధంగా ఉన్నవని శ్యామ్‌సుందర్ చెప్పినాడు. కలప కంపెనీ చేతిలో యాభై ఏళ్ళు ఉన్న భూమి అది. ఎప్పుడో ఎవరో నాలుగు గుడిసెలు వేసుకుంటే వేసుకొని ఉండవచ్చు. కావ్యంలో నిర్జనమనే మాట స్తుత్యర్థకం. దానిని సర్వేయరు గొలుసుతో కొలవడం పద్ధతి కాదు.

కార్తీక పూర్ణిమ మరునాడు తూర్పువాలు చదును చేసి, కార్లు నిలుపుకోవడానికి కంకర పోస్తారు. ప్రతిష్ఠకు వెయ్యిమంది వస్తారని అంచనా.

ప్రూఫులు త్వరగా పంపించు. ఈ పటం సంగతి నీవు, నిశాంత్ తప్ప మరెవరితోనూ అనవద్దు.

వీరభద్రం


ప్లేనో
సెప్టెంబర్ 9

అన్నయ్యా,

మూడు ప్రశ్నలు అడిగాను. మూడింటికీ జవాబు లేదు. తెలియకపోతే తెలియదంటావు నువ్వు, ఎప్పుడూ అంతే. ఈసారి నా మీద కావ్యశాస్త్రం విసిరావు. మరెవరితోనూ అనవద్దన్నావు. ఆ వాక్యం దగ్గర నాకు భయమేసింది.

సీతానగరంలో నాన్నగారు చేయించిన ఆ గృహప్రవేశం నీకు గుర్తుందా? నాకు పదేళ్ళు. వేకువనుంచి తంతు నడిచి, హోమం కూడా సగమైంది. నాన్నగారు హఠాత్తుగా ఆగిపోయారు. కృష్ణకు ఉత్తరతీరే అని చెప్పారట సంకల్పంలో. మనం ఉన్నది దక్షిణపు గట్టు. ఎవరూ గమనించలేదు. గమనించినా ఎవరూ అనరు. ఆయన లేచి నిలబడి, ఇంటాయనతో, చుట్టాలతో, వంటవాళ్ళతో సహా అందరికీ వినపడేలా "తప్పు చెప్పాను" అని, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఆకలికి నేను ఏడ్చాను. నువ్వు నన్ను ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళి, "నిలబడ్డ చోటు తప్పు చెబితే చేసిందంతా ఇంకెక్కడికో పోతుందే" అన్నావు. అరవై ఏళ్ళు దాటినా ఆ మాట నాకు అలాగే ఉంది.

అచ్చు ఆపించాను. పరంధామయ్యగారికి ఒంట్లో బాగాలేదని నేను అబద్ధం చెప్పను. ఆయన బాగానే ఉన్నారు. ఆపమన్నది నేనే.

గిరిజ


క్యారీ
ఆశ్వయుజ శుద్ధ దశమి, గురువారం

చిరంజీవి గిరిజకు.

విజయదశమి. పుస్తకాలకు పూజ చేసే రోజుల్లో నా పుస్తకాన్ని ఆపిన చెల్లెలికి కోపంతో రెండు ఉత్తరాలు వ్రాసి చించివేసినాను. ఇది మూడవది.

నీ ప్రశ్నలకు జవాబులు. రాయికీ రాయికీ ఆరడుగులు. ఎత్తయిన రాయి పడమట, పొట్టిరాయి తూర్పున, ఒక్కొక్క జతగా. కొన్నిచోట్ల ఒంటిరాయి. రాళ్ళ నడుమ నేల కుంగి ఉన్నది, మనిషి పొడవున. కొన్ని గుంటలు మూరెడే ఉన్నవి. ఆ మూరెడు గుంటలను చూసి కూడా నేను నక్షత్రాలనే అన్నాను.

అప్పుడు తెలియదు. ఆ మాట నిజం. కానీ ఇంకొక నిజం నీకు చెప్పలేదు. ఈ సంవత్సరం జ్యేష్ఠమాసంలో ఒకనాడు, పనివారు వంటశాల పునాది తవ్వుతుండగా, ఒక కారు వచ్చి ఆగినది. ఎనభై దాటిన నల్లజాతి స్త్రీ దిగినది. తెల్లని టోపీ, చేతిలో కర్ర. నేను ఒక్కడినే నీడలో కూర్చొని పద్యం చూసుకుంటున్నాను. ఆమె నా పంచకట్టు, విభూతి చూసి, నేను ఇక్కడి పెద్దనని అనుకొని, ఎంతో మర్యాదగా అడిగినది.

"అయ్యా, ఈ వాలు మీద రాళ్ళు ఏమైనా చూశారా? నిలువు రాళ్ళు. మా పెద్దవాళ్ళవి."

గిరిజా, ఆమె నిలబడిన చోటికి పదడుగుల దూరంలో క్షేత్రపాలకుడు ఉన్నాడు. పసుపు, కుంకుమ, పూలు, పైన పట్టుగుడ్డ. ఆమె అటు చూసినది, గుర్తించలేదు. ఎలా గుర్తిస్తుంది?

నేను అన్నాను: "లేవమ్మా. చెట్లే ఉన్నాయి."

ఆమె చాలాసేపు వాలు వంక చూసి, "ఎప్పుడైనా కనబడితే" అని ఒక చీటీ ఇచ్చి వెళ్ళినది. ఎర్నెస్టీన్ ఆల్‌స్టన్ అనే పేరు, ఒక చర్చి చిరునామా. ఆ చీటీ నా నోటుబుక్కులో, నేను గీసిన పటం పేజీలోనే ఉన్నది. రెండూ ఒకచోట పెట్టినవాడిని, తెలియదని నాకు నేను ఎలా చెప్పుకున్నానో నాకే అర్థం కావడం లేదు.

ఎందుకు లేవన్నానని అడుగుతావు. శ్మశానం మీద కోవెల కట్టినామంటే జనం మైల అని విడిచిపోతారని ఒక భయం. సమాధిరాతికి అభిషేకం చేయించిన పండితుడనే పేరు వస్తుందని ఇంకొకటి. అసలైనది చెబుతాను. ఆనాటికి తొంభై ఆరు పద్యాలు పూర్తి అయినవి. పదకొండేళ్ళ క్రితం అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు నేనెవరో ఇక్కడ ఎవరికీ తెలియదు. ముప్పైనాలుగేళ్ళు కాళిదాసును పాఠం చెప్పినవాడిని, ఈ దేశంలో చెత్తబుట్ట ఏ రోజు బయట పెట్టాలో తెలియని ముసలివాడిని. ఈ కోవెల వచ్చిన తరువాత అందరూ గురువుగారూ అంటున్నారు. ఆ పిలుపు పోగొట్టుకోలేక, ఒక ముసలామెను ఆమె పూర్వుల ముంగిట నిలబెట్టి లేరని చెప్పినాను.

కంకర పోయడానికి ఇంకా నెల రోజులే ఉన్నవి. ఏమి చేయమంటావు?

వీరభద్రం


ప్లేనో
అక్టోబర్ 9

పూజ్యులైన అన్నయ్యకు,

ఏం చేయాలో నీకు తెలుసు. నాచేత చెప్పించుకోవాలని అడుగుతున్నావు. సరే, చెబుతాను. నీ నోటుబుక్కు తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళు. ముందు ఆవిడ దగ్గరికి, తర్వాత కమిటీకి. వరస మార్చకు. వరస మారిస్తే శ్యామ్‌సుందర్ లాయర్‌ని పిలుస్తాడు, నువ్వు మళ్ళీ ఆలోచనలో పడతావు.

మైల అన్నావు. వాళ్ళు మన మధ్యకి రాలేదు అన్నయ్యా, మనం వాళ్ళ మధ్యకి వెళ్ళాం.

నేనూ ఒకటి దాచాను. పటంలో ఆ శిలువ పక్కన చిన్న అక్షరాలతో శ్మశానం అని స్పష్టంగా అచ్చయి ఉంది. మొదటి ఉత్తరంలోనే రాసి ఉండొచ్చు. నువ్వే చెబుతావని చూశాను. పరీక్షలో కాపీ కొట్టే పిల్లని పట్టుకోవడానికి వెనక బెంచీలో కూర్చునేదాన్నే, అలా. అది నా తప్పు. నేను తిన్నగా రాసి ఉంటే నీకు రెండు నెలల అబద్ధం తగ్గేది.

వెళ్ళొచ్చి రాయి. ఏం జరిగినా రాయి.

గిరిజ


క్యారీ
కార్తీక బహుళ విదియ

చిరంజీవి గిరిజకు ఆశీస్సులు.

వెళ్ళినాను. సంహితతో అంతా చెప్పి, కారులో తీసుకువెళ్ళమన్నాను. అది స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ముందున్న రోడ్డు వంకే చూసినది. తరువాత, "తాతా, నేను డ్రైవ్ చేస్తాను. బట్ మాట్లాడేది మాత్రం నువ్వే. నేను ట్రాన్స్‌లేట్ కూడా చెయ్యను. నీకు ఇంగ్లీష్ వచ్చు" అన్నది. "వచ్చు గనుకనే గదే అబద్ధం చెప్పినది" అన్నాను. నవ్వలేదు.

పెద్ద రోడ్డు పక్కన ఇటుకల చర్చి. పేరు బ్యూలా గ్రోవ్. ఊరు పోయినా పేరు చర్చితోబాటు అక్కడికి వచ్చినది. ఎర్నెస్టీన్ చర్చి వంటగదిలో బఠానీలు వలుస్తున్నది. నన్ను చూడగానే గుర్తుపట్టినది.

"చెట్లాయన గదూ మీరు" అన్నది.

నేను నోటుబుక్కు తెరిచి పటం ఆమె ముందు పెట్టినాను. "రాళ్ళు ఉన్నాయమ్మా. ఇరవై ఆరు. తీయించినది నేనే. లేవని మీతో చెప్పినదీ నేనే" అన్నాను. ఆ మాటలను దారి పొడవునా వల్లెవేసినాను.

ఆమె చేయి తుడుచుకొని, పటాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసినది. వేలితో ఒక్కొక్క గుర్తునూ తాకుతూ పేర్లు చెప్పసాగినది. "ఇది హన్నా. పక్కన ఆమె పెనిమిటి గ్రీన్. వీళ్ళు కవలలు. ఇది రూథ్ అత్త." పటం నాది, అందులోని మనుషులు ఆమెవారు. సంహిత గోడవైపు తిరిగి నిలుచున్నది.

ఆమె చెప్పిన చరిత్రను నీకు నా మాటల్లో వ్రాస్తాను. బానిసత్వం రద్దయిన తరువాత హన్నా, గ్రీన్, ఇంకా ఏడు కుటుంబాలు, అంతకుముందు తాము ఎవరికోసం దున్నినారో ఆ వాగుల మధ్య మెట్టనే ఎకరం ఎకరంగా కొనుక్కున్నారు. చదునైన పల్లపుభూమి వారికి ఎవరూ అమ్మలేదు. తూర్పువాలు దున్నితే మట్టి కొట్టుకుపోతుందని దానిని చనిపోయినవారికి విడిచిపెట్టి, సమాధుల మీద ఆ నీలిపూల తీగ నాటినారు. మొదట బడి, తరువాత చర్చి. పెద్ద రోడ్డు వేసినప్పుడు అది రెండు మైళ్ళ అవతలగా పోయినది. దానితో అంగడి మూతబడినది, బడి మూతబడినది, పడుచువారు ఉత్తరాది నగరాలకు వెళ్ళిపోయినారు. వారసులు ఎక్కువై, ఎవరో ఒకరు వాటా అమ్మగా, కోర్టు మొత్తం భూమిని వేలం వేయించినది. కలప కంపెనీ పైన్ నాటినది. ఎర్నెస్టీన్ అక్కడ పుట్టిన చివరి తరం. ఇంటింటికీ ఎవరు ఉండేవారో ఆమె చెప్పగలదు. మనకు మాత్రం అది నిర్జనారణ్యం.

"రాళ్ళమీద పేర్లు ఎందుకు లేవమ్మా?" అని అడిగినాను.

ఆమె నన్ను అదోలా చూసినది. "హన్నా పుట్టిన కాలంలో ఆమెకు అక్షరం నేర్పడం నేరం. నేర్పినవాడికి జరిమానా, నల్లవాడైతే కొరడా. ఆమె పోయేనాటికి ఇంట్లో ఇంకా ఎవరికీ రాదు. రాయి తెచ్చి నిలబెట్టారు. ఎవరిదో మనవాళ్ళకు తెలుసు గదా, ఇంకెవరికి తెలియాలి అనుకున్నారు."

గిరిజా, అక్షరం లేదు గనుక స్వయంభువులన్నాను నేను. అక్షరం దక్కనివ్వని వారి గుండెలమీద కూర్చొని నూట ఎనిమిది పద్యాలు వ్రాసినాను. నేను నేర్చిన ఛందస్సంతా ఆ వంటగదిలో నాకు బరువుగా తోచినది.

పసుపు కుంకుమల సంగతి కూడా దాచలేదు. ఎత్తయిన రాయి ఏదో పటంలో చూపించి, నాగపంచమికి పాలు పోసినామని చెప్పినాను. ఆమె బఠానీల గిన్నె పక్కన పెట్టి, "హన్నాకి పాలు పోశారా?" అన్నది. "పోసినాము." "ఆమెకు పాలు పడేవి కాదు. మా అమ్మమ్మ చెప్పేది, పాలు చూస్తే ముఖం తిప్పుకునేదట" అని ఒక్కసారి పెద్దగా నవ్వినది. నేనూ నవ్వబోయినాను. అంతలో ఆమె నవ్వు ఆపివేసినది.

"నేను నవ్వానని మిమ్మల్ని క్షమించానని అనుకోకండి" అన్నది. "ఆ రోజు ఇంటికి వెళ్ళి మా చెల్లెలితో చెప్పాను, వాళ్ళు పోయారు, ఇక వెతకవద్దని. చెల్లెలు ఆగస్టులో పోయింది. పోయేటప్పుడు కూడా అలాగే అనుకుంటూ పోయింది."

ఆ చెల్లెలి పేరు అడిగి, నోటుబుక్కులో చీటీ పక్కన వ్రాసుకున్నాను.

లేవబోతుంటే, "మా బైబిల్ ముందు పేజీల్లో రాసి ఉంచాం, ఆ వాలు మీద నలభై ఒక్కమంది. మీ పటంలో ఇరవై ఆరు రాళ్ళే. అందులోనూ దాదాపు సగం తలదగ్గరివి కావు, పాదాల దగ్గరి రాళ్ళు" అన్నది. మొదటి పునాదులు తవ్విన యంత్రం ఎటు నుండి ఎటు తిరిగినదో గుర్తు చేసుకుంటూ ఇంటికి వచ్చినాను.

కమిటీ సమావేశం మొన్న జరిగినది. నాన్నగారు లేచినట్టు లేచి, "తప్పు చెప్పినాను" అని మొదలుపెట్టి అంతా చెప్పినాను. ముందుగా తేరుకున్నది శ్యామ్‌సుందర్.

"గురువుగారూ, పర్మిట్స్ వచ్చేశాయి, కాంట్రాక్టర్ రేపు వస్తున్నాడు, ఇన్విటేషన్స్ వెళ్ళిపోయాయి. ఇప్పుడా చెప్పేది? ఆవిడ జూన్‌లో వస్తే జూన్‌లో చెప్పాలి కదండీ!"

"అవును నాయనా. జూన్‌లో చెప్పాలి."

"మీరలా అవునంటే నేనేం మాట్లాడను!" అని కుర్చీ వెనక్కు నెట్టి లేచినాడు. అతని కోపంలో తప్పు లేదు.

రేణు ఏడుస్తూ, "మేము పాపం చేశామా అంకుల్? దియ చేత కూడా పోయించాను పాలు, దాని చిన్న గ్లాసుతో" అన్నది. దియ ఆమె నాలుగేళ్ళ కూతురు. పాపం చేసినది నేను, మీరు పెద్దలకు పాలు పోసినారు అన్నాను. ఎవరో వెనకనుండి, "అయితే ఈ స్థలం అమ్మేసి వేరే చోట చూద్దాం, శ్మశానంలో గుడేంటి" అన్నారు. అప్పుడు రేణు కళ్ళు తుడుచుకొని వెనక్కు తిరిగినది. "అమ్మితే కొన్నవాళ్ళు కంకర పోస్తారు. అప్పుడు మన చేతికి మట్టి అంటలేదని చెప్పుకుంటామా?"

చివరకు శ్యామ్‌సుందర్ బయటకు వెళ్ళి ఫోన్ చేసి కాంట్రాక్టర్‌ను ఆపినాడు. తిరిగి వచ్చి నా వైపు చూడకుండా, "వాలు ముట్టుకోం. ఇంక మిగతాది ఆవిడ వచ్చి చెప్పినట్టు" అన్నాడు. పన్నెండు కుటుంబాలు ఇక రామని చెప్పినవి. గురువుగారూ అని నన్ను ఆ రోజు వెళ్ళేటప్పుడు ఎవరూ పిలువలేదు. పిలుస్తారని ఎదురుచూసినాను, అందుకు సిగ్గుపడ్డాను.

వీరభద్రం


ప్లేనో
నవంబర్ 20

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడు రోజులు నా పక్కనే పెట్టుకున్నాను. ఆవిడ చెల్లెలి సంగతి చదివాక నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. నేను ఆగస్టు పన్నెండున రాశాను కదా, శిలువ గుర్తు అని. పూర్తిగా రాసి ఉంటే, నువ్వు వెంటనే వెళ్ళి ఉంటే, ఆ చెల్లెలికి అందేదేమో. లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఈ లెక్క తేలదు.

పరంధామయ్యగారు నిన్న అడిగారు, పుస్తకం ఏం చేద్దామమ్మా అని. నువ్వే చెప్పాలి.

ఒకటి చెబుతాను, నీకు నచ్చినా నచ్చకపోయినా. నాన్నగారు లేచి నిలబడ్డప్పుడు ఆయనకి నలభై ఏళ్ళు, తప్పు ఒక్క మాటలో ఉంది. నీకు డెబ్బై ఎనిమిది, తప్పు నూట ఎనిమిది పద్యాల్లో ఉంది. ఆలస్యంగా లేచావు. అయినా లేచావు.

గిరిజ


బ్యూలా గ్రోవ్, ఉత్తర కరోలినా
శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, శుక్రవారం

చిరంజీవి గిరిజకు ఆశీర్వదించి వ్రాయునది.

ఊరి పేరు పైన వ్రాసినాను చూడు. ప్రతిష్ఠ జరగవలసిన రోజు ఇది. జరగలేదు, ఎప్పుడు జరుగుతుందో తెలియదు. ఈరోజు రాళ్ళను తిరిగి నిలిపినాము. చలికి నేల గట్టిగా ఉన్నది. శ్యామ్‌సుందర్ తన కొడుకు విహాన్‌తో వచ్చి గడ్డపార పట్టుకున్నాడు. చర్చివారు పదిమంది, మనవారు పద్నాలుగుమంది. పటం నా చేతిలో, బైబిలు ఎర్నెస్టీన్ చేతిలో. నేను చోటు చెబితే ఆమె పేరు చెప్పేది. ఒకచోట ఇద్దరమూ సరిపడలేదు. నా గీత తప్పని ఆమె అన్నది. ఆమె మాటే నిలిపినాము.

హన్నా రాతిమీద పసుపు ఇంకా ఉన్నది. రేణు తడిగుడ్డ తీసుకొని తుడవబోతే ఎర్నెస్టీన్ వద్దన్నది. "ఉండనీ. రెండు వానలు పడితే అదే పోతుంది." అని, నా వైపు తిరిగి, "మీ మంత్రంలో ఊరి పేరు చెబుతారట గదా, మీ మనవరాలు చెప్పింది. ఏదీ, చెప్పండి" అన్నది.

నేను వాలు మీద నిలబడి సంకల్పం చెప్పినాను. ద్వీపం, ఖండం, సముద్రం, రెండు వాగులు. తరువాత బ్యూలా గ్రామే అన్నాను. హన్నా ప్రభృతీనాం విశ్రాంతి భూమౌ అన్నాను. ఆపై బైబిలులోని నలభై ఒక్క పేర్లూ ఒకటొకటిగా చదివినాను. ఎక్కడున్నారో తెలిసినవారివి, తెలియనివారివి కూడా. నా నాలుకకు కొన్ని పేర్లు లొంగలేదు. ప్రతిసారీ ఆమె దిద్దినది, నేను మళ్ళీ పలికినాను. ద్వారం దగ్గర క్షేత్రపాలకుడి పీఠం ఖాళీగా ఉన్నది. అక్కడ ఇంకే రాయినీ పెట్టవద్దని కమిటీకి చెప్పినాను. కోవెలకు వచ్చేవారు అక్కడ ఆగి, వాలు వైపు తిరిగి, ఎవరి నేలమీదికి వచ్చినామో పేరు చెప్పి లోపలికి రావాలి. అది ఒప్పుకున్నారు.

నన్ను క్షమించినదా అని అడుగుతావు. వెళ్ళేటప్పుడు ఆమె, "వచ్చే వారం రండి. మిగిలినవాళ్ళని ఇంకా వెతకాలి" అన్నది. వెళతాను.

పుస్తకం అచ్చు వేయవద్దని పరంధామయ్యగారికి చెప్పు. నూట ఎనిమిది పద్యాల బదులు ఒక్కటి పంపుతున్నాను. మొదటిదానికీ దీనికీ మధ్య ఏమి మారినదో నీకు తెలుస్తుంది.

మనుజపాదము లలసిన మట్టి యిద్ది
తల్లి యొక్కతె పిల్లలన్ దాచుకొనియె
వాగు లిరువైపు పాడగా వరుస దీరి
సుఖము నిద్రించువారికి జోత లిడుదు

కింద కంకరబాట మీద సంహిత కారులో కూర్చొని నాకోసం చూస్తున్నది. దియ, ఎర్నెస్టీన్ మునిమనవడు కలిసి హన్నా రాతి చుట్టూ ఆకులు ఏరుతున్నారు. ఒకరి మాట ఒకరికి కొత్త, అయినా పని తెలిసినట్టే ఉన్నది.

మన తరువాత ఈ వాగుల మధ్యకు వచ్చే పిల్లలు, మనవారు కానీ, వారివారు కానీ, ఇంకా మనమెరుగని ఎవరు కానీ, అడుగు పెట్టేముందు కాలికింద ఎవరున్నారో అడిగి తెలుసుకుందురు గాక. అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పే పెద్దలు వారికి దొరుకుదురు గాక. నేర్చిన అక్షరం వారిచేత ఎవరి పేరునూ కప్పించకుండు గాక. వారు నిలిచిన చోట నేల చల్లగా, వారి నోట ఆ నేల పేరు నిజంగా, నూరేళ్ళు నిలుచు గాక.

ఇట్లు,
అన్నయ్య